ఆషాఢంలో వచ్చిన వెరిఫికేషన్

2023 వేసవి. ప్రొద్దుటూరులో బట్టల అంగళ్ళు దాటాక జిరాక్స్ సెంటర్లన్నీ వరుసగా ఉండే సందులో నాదొక చిన్న ఆన్‌లైన్ సెంటర్. ఒక కంప్యూటరు, ఒక స్కానరు, వచ్చినవాళ్ళకు నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు. మా వైపు నుంచి కువైట్‌కు పోయేవాళ్ళు ఎక్కువ కాబట్టి నా పనిలో ముప్పాతిక వంతు పాస్‌పోర్టులూ వీసా కాగితాలే. ఫారం నింపడమంటే ఇళ్ళలోపలి సంగతులన్నీ వినడమే. ఎవరి ఇంటిపేరు ఎందుకు మారిందో, ఎవరు ఏ తిరునాళ్ళ మరుసటి రోజు పుట్టారో వాళ్ళ చుట్టాల కంటే నాకే బాగా తెలుసు. నాకు నోరు కొంచెం ఎక్కువని కూడా పేరుంది. ఫారంలో తప్పు పోతే ఆఫీసువాళ్ళు ఎలాగూ తిడతారు, అంతకంటే ముందు నేను తిట్టి సరిచేయిస్తే మంచిదే కదా.

ఇన్నేళ్ళుగా ఇక్కడి మనుషులను బయటికి పంపడానికే ఫారాలు నింపాను. బయటి దేశం మనిషిని ఇక్కడ నిలబెట్టడానికి నింపింది మాత్రం ఒక్కసారే.

ఆ రోజు ఎర్రగుంట్ల నుంచి ముగ్గురు వచ్చారు. శివశంకర్ కువైట్‌లో డ్రైవరుగా చేసి తిరిగొచ్చి, సిమెంటు లారీలు బాగుచేసే షెడ్డు పెట్టుకున్నాడు. వెంట అతని తల్లి ఓబులమ్మ. ఇంకొకామె కొత్త పెళ్ళికూతురు, మెడలో పసుపుతాడు ఇంకా పచ్చగా ఉంది. పేరు మారిసెల్, దేశం ఫిలిప్పీన్స్. నేను నాకొచ్చిన ఇంగ్లీషులో ఆమెను కూర్చోమన్నాను.

"పర్వాలేదక్కా, ముందు మా అత్తను కూచోబెట్టు. ఆమెకు మోకాళ్ళు శానా నొప్పులుండాయి" అంది.

ఆధార్ కోసం వచ్చి కూర్చున్న పెద్దాయన తుళ్ళిపడి కుర్చీ ఖాళీ చేశాడు.

"ఈ మాటలు ఎవురు నేర్పించినారమ్మా?" అన్నాను.

"పుల్లమ్మ. కువైట్‌లో ఆమె వంట చేస్తాండె, నేను పిల్లోళ్ళను చూసుకుంటాంటి. దినామూ వంటింట్లో నన్ను తిడతాండె. ఆ తిట్లతోనే నేర్చుకున్నా."

పుల్లమ్మ మా ఊరి మనిషే. ఆమె కూడా కువైట్ నుంచి వచ్చేసింది. భర్త నాగన్న ఇక్కడే మగ్గం నేస్తాడు. కువైట్‌లో పుల్లమ్మ, మారిసెల్, శివశంకర్ ముగ్గురూ పనిచేసింది ఒకే ఇంట్లో. శివశంకర్, మారిసెల్‌ల మధ్య ఇష్టాన్ని మొదట కనిపెట్టిందీ, ఓబులమ్మకు ఫోన్‌లో నచ్చజెప్పిందీ పుల్లమ్మే.

పెళ్ళి అయిపోయింది, రిజిస్ట్రేషన్ కూడా అయింది. మిగిలింది వీసా. మారిసెల్ వచ్చింది టూరిస్ట్ వీసా మీద, దాని గడువు ఆగస్టు ఆఖరుకు ముగుస్తుంది. ఆలోపల దాన్ని ఎంట్రీ వీసాగా మార్చుకోవాలి, దీన్ని కన్వర్షన్ అంటాం. అందులో భర్త స్పాన్సర్, అంటే ఈమె ఇక్కడ ఉన్నన్నాళ్ళూ తిండికీ నీడకూ నడతకూ నాదే పూచీ అని సంతకం పెట్టేవాడు. కాగితాలన్నీ అప్‌లోడ్ చేశాక పోలీసు ఇంటికొచ్చి, వీళ్ళిద్దరూ నిజంగా ఒకే ఇంట్లో కాపురం చేస్తున్నారా అని చూసి రిపోర్టు పంపుతాడు. వీసా కోసం దొంగ పెళ్ళిళ్ళు చేసుకునేవాళ్ళు ఉంటారు కాబట్టి ఈ వెరిఫికేషన్. మిగతా కాగితాలన్నీ ఒక ఎత్తు, ఇదొక్కటే ఒక ఎత్తు.

ఫారం మొదలుపెట్టగానే ఓబులమ్మ స్క్రీన్ వైపు కుర్చీ జరుపుకుంది. మారిసెల్ తండ్రి పేరు దగ్గరికి రాగానే, "నాగన్న అని రాయి" అంది.

"పాస్‌పోర్టులో వేరే పేరుండాది పెద్దమ్మా."

"ఆయప్ప యాడనో సముద్రం అవతల ఉండాడు, పెండ్లికి రాలేకపాయె. పీటల మీద కూచోని మా వాని కాళ్ళు కడిగి పిల్లనిచ్చింది ఎవురు? నాగన్న, పుల్లమ్మ. మాకు వియ్యంకులు వాళ్ళే."

"కన్యాదానం ఎవురు చేసినారని ఈ ఫారంలో అడగరు పెద్దమ్మా" అని గదమాయించి, పాస్‌పోర్టులో ఉన్న పేరే కొట్టాను. ఓబులమ్మ మూతి ముడుచుకుంది. మారిసెల్ మాత్రం ముసిముసిగా నవ్వింది.

సబ్‌మిట్ నొక్కాక ముగ్గురికీ గట్టిగా చెప్పాను. "పోలీసాయన ఏ రోజు వస్తాడో తెలీదు. మొగుడూ పెండ్లాం ఇంటి పట్టున ఉండండి. ఊర్లకు, తిరునాళ్ళకు పోవద్దు."

"మేం యాడికి పోతామక్కా" అన్నాడు శివశంకర్.

కొన్నాళ్ళకు నా స్క్రీన్ మీద క్వెరీ కనిపించింది. క్వెరీ అంటే దరఖాస్తును ఆపి ఆఫీసు అడిగే ప్రశ్న. దరఖాస్తుదారు స్వదేశానికి వెళ్ళిపోయినట్టు, భర్త వెంట వెళ్ళనట్టు, ఇద్దరూ కలిసి ఉండటం లేదని ఇరుగుపొరుగు చెప్పినట్టు స్థానిక రిపోర్టు. దీనికి వెంటనే సంజాయిషీ ఇవ్వాలి.

కొత్త పెళ్ళికూతురు చెప్పాపెట్టకుండా దేశం దాటిపోయిందా అని కంగారుగా శివశంకర్‌కు ఫోన్ చేశాను. "లేదక్కా, మీ ఊర్లోనే ఉండాది" అన్నాడు.

గంటలో తల్లీకొడుకులు వచ్చారు. వాళ్ళ కంటే ముందే పుల్లమ్మ ఇంటి నుంచి నడుచుకుంటూ మారిసెల్ వచ్చేసింది, చేతికి గోరింటాకు ఎర్రగా పండి ఉంది. అప్పుడు తెలిసింది అసలు సంగతి. ఆషాఢం మొదలు కాగానే ఓబులమ్మ పద్ధతి ప్రకారం కోడల్ని పుట్టింటికి పంపింది. పెళ్ళయిన మొదటి ఆషాఢంలో అత్తాకోడళ్ళు ఒకే ఇంటి గడప దాటకూడదు, అల్లుడు అత్తవారింటికి పోకూడదు. పుల్లమ్మ సారె తెచ్చి మరీ కూతుర్ని తీసుకుపోయింది. సరిగ్గా ఆ తర్వాతే కానిస్టేబుల్ ఇంటికొచ్చాడు. శివశంకర్ స్పేర్ పార్టుల కోసం కడపకు పోయి ఉన్నాడు.

"ఏం చెప్పినావు పెద్దమ్మా ఆయనకు?"

"ఉండేదే చెప్పినా. కోడలు పుట్టింటికి పోయినాదప్పా, ఆషాడం గదా అన్న్యా. నీ కొడుకు తోడు పోలేదా అన్న్యాడు. ఆషాడంలో అల్లుడు అత్తగారి గడప తొక్కుతాడా, నీకు తెలీదా అన్న్యా. మజ్జిగిస్తే తాగి పాయె."

కానిస్టేబుల్‌ను ఏమనగలం? ఆషాఢం సంగతి ఆయనకూ తెలుసు. కానీ ఫిలిప్పీన్స్ పిల్ల పుట్టిల్లు ఫిలిప్పీన్స్‌లోనే ఉంటుందని అనుకుంటాడు గాని, ప్రొద్దుటూరులో నా సెంటరుకు రెండు వీధుల అవతల, నాగన్న మగ్గం పక్కన ఉందని ఎలా అనుకుంటాడు?

నాకు ఒళ్ళు మండింది. "కాపురం చేస్తాండారా లేదా అని చూసేదానికే వస్తారని చెప్పినా గదా! యాడికీ పోవద్దని మొత్తుకున్యా గదా!"

"తిరునాళ్ళకు పోవద్దంటివి, పోలేదు. పుట్టింటికి పోవద్దని నువ్వనలేదే" అంది ఓబులమ్మ.

చేయాల్సింది వివరించాను. పెళ్ళి ఫోటోలు, పుల్లమ్మ దంపతుల ఉత్తరం జతచేసి సంజాయిషీ పంపాలి. దాని మీద మళ్ళీ వెరిఫికేషన్‌కు వస్తారు, ఎప్పుడైనా రావచ్చు. కాబట్టి మారిసెల్ ఈ రోజే ఎర్రగుంట్ల ఇంటికి చేరాలి.

ఓబులమ్మ ముఖం మాడిపోయింది. "ఆషాడం ఇంకా సగం గూడా కాలే. నాకుండేది ఒక్క కొడుకు. వానికి ఏమన్నా అయితే?"

"వేరే రూము తీసుకుంటాం లే మా, నేనూ మారిసెలూ" అన్నాడు శివశంకర్.

"అడ్రస్ మారితే మొదటి నుంచి మళ్ళీ మొదలుపెట్టల్ల. గడువులోపల కాదు" అన్నాను.

అప్పుడు మారిసెల్ నెమ్మదిగా అంది. "అత్త వద్దంటే వద్దులే అక్కా. గడువు అయిపోతే మా దేశం పోయి, మళ్ళీ వీసా అడిగి వస్తా."

"కాపురం లేదని రిపోర్టు ఉన్న్యాక మళ్ళీ ఇస్తారని నమ్మకం లేదమ్మా. ఎన్నేండ్లు పడతాదో నేను చెప్పలేను." ఆ మాట అనడానికి నాకే కష్టమనిపించింది, కానీ దాచి లాభం లేదు.

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా, "కువైట్‌లో సెలవు వస్తే ఎవురి ఇంటికి వాళ్ళు పోతారు. నేను మా అమ్మకు దుడ్లు పంపల్లని టికెట్ కొనకుండా ఆడనే ఉంటాంటి. ఈడ పుట్టిల్లని ఒకటి చూపించి, పోయి రా పాపా అని పంపింది మా అత్త. ఆ మాట తీసేసి ఎట్ల వచ్చేది?" అంది.

ఓబులమ్మ కొంగు అంచు నలుపుతూ ఉన్నట్టుండి నా వైపు తిరిగింది.

"సుజాతమ్మా, ఆ పోలీసాయప్ప వచ్చి చూసేది ఎవుర్ని?"

"మొగుణ్ణీ పెండ్లాన్నీ."

"అత్త ఇంట్లో ఉండల్లని యాడన్నా రాసినారా?"

"లేదు పెద్దమ్మా."

"అట్లయితే నేనే పోతా."

"యాడికి?"

"యాడికేంది? పుట్టింటికి. ఆలూరికి."

శివశంకర్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఎందుకంటే ఓబులమ్మకూ ఆలూరులో ఉన్న ఆమె వదినకూ మాటల్లేవు. ఏదో పెళ్ళిలో ఆడపడుచు చీర తనకంటే ముందు ఇంకెవరికో పెట్టారని అలిగొచ్చేసిన మనిషి, మళ్ళీ ఆ గడప తొక్కలేదట.

"మామ వచ్చి కాళ్ళా యేళ్ళా పడినా పోకపోతివే మా!"

"నోరు మూసుకో" అంది ఓబులమ్మ.

"పుల్లమ్మ ఇంట్లో ఉండు పెద్దమ్మా, దగ్గర" అని నేను చెప్పబోయాను.

"వియ్యంకురాలి ఇంట్లో నెలంతా కూచోని తిందునా? నన్నేమనుకున్యావు?"

అదే సాయంత్రం గడప మారింది. ఓబులమ్మ ఇంటికి పోయి బట్టలు సర్దుకునేంతవరకు మారిసెల్ వీధి మొదట్లో ఆటోలో కూర్చుంది. అత్త సంచీతో బయటికొచ్చి, వీధి మధ్యలో కోడలి చేతిలో తాళంచెవులు పెట్టి, "పాలాయన నీళ్ళు కలుపుతాండాడు, చూసి పోయించుకో" అని చెప్పి, ఆలూరికి దారైన గుంతకల్లు బస్సెక్కింది. ఆ తర్వాతే కోడలు లోపలికి పోయింది. పద్ధతి ఎక్కడా తప్పలేదు.

ఇక్కడ నేను సంజాయిషీ రాశాను. కన్యాదానం ఫోటో పెట్టి, వధువు తల్లిదండ్రుల స్థానంలో నిలిచినవారు నాగన్న, పుల్లమ్మ అనీ, ఆచారం ప్రకారం ఆమె వెళ్ళింది వీళ్ళ ఇంటికే అనీ వివరంగా టైపు చేశాను. మొత్తానికి నాగన్న పేరు ఫైల్లోకి ఎక్కింది. ఓబులమ్మ పంతం నెగ్గినట్టే.

రెండోసారి వచ్చింది ఆ కానిస్టేబులే. తర్వాత శివశంకర్ చెబుతుంటే నవ్వలేక చచ్చాను. మారిసెల్ చెమటలు కారుస్తూ రాగి సంగటి కెలుకుతోందట. శివశంకర్ షెడ్డు నుంచి గ్రీజు చేతులతో పరుగెత్తుకొచ్చాడు. కానిస్టేబుల్ ఇద్దర్నీ చూశాడు, పక్కింటివాళ్ళను అడిగాడు, సంతకాలు తీసుకున్నాడు. అంతా అయ్యాక ఇల్లంతా కలయజూసి, "ఆ పెద్దమ్మ యాడ?" అన్నాడు.

"పుట్టింటికి పోయినాది సార్. ఆషాడం గదా" అంది మారిసెల్.

ఆయన కాసేపు ఆమె ముఖంలోకి చూసి, "ఆ పుట్టిల్లు ఏ దేశంలో ఉండాదమ్మా?" అన్నాడట.

గడువుకు ముందే వీసా వచ్చింది. నేను ప్రింటు తీసి ఇస్తే మారిసెల్ దాన్ని కళ్ళకద్దుకుంది. ఆషాఢం పోయాక ఓబులమ్మ ఆలూరు నుంచి తిరిగొస్తూ నేరుగా నా సెంటరుకే వచ్చింది. చేతిలో సెనక్కాయల సంచీ. పక్కన ఇంకొక పెద్దావిడ. ఆమే వదిన.

"కలిసిపోయినారా?" అన్నాను ఆశ్చర్యంగా.

"మొదట్లో మాట్లాడలేదమ్మా" అంది వదిన. "వాకిట్లో ఇద్దరమే కూచోని సెనక్కాయలు ఒలుస్తాండాము. ఎంతసేపని నోరు మూసుకోని ఒలుస్తాము?"

ఓబులమ్మ నాకు సెనక్కాయలు పోస్తూ, "పండు ముసలిదాన్నయినాక ఆషాడం చేసుకున్యా" అని పకపకా నవ్వింది.

ఆ కేసు తర్వాత నా కంప్యూటరు పక్కన పంచాంగం క్యాలెండరు తగిలించాను. వెరిఫికేషన్ ఉన్న ఏ ఫారమైనా సబ్‌మిట్ నొక్కేముందు, ఈ నెలలో మీ ఇంట్లో ఎవరు ఎక్కడ ఉంటారో మనిషి మనిషికీ అడుగుతాను. పురుడా, నోమా, జాతరా, అన్నీ. జనం విసుక్కుంటారు, అయినా వదలను. ఫారంలో స్పాన్సర్ గడి దగ్గరికి వచ్చినప్పుడల్లా నాకు ఓబులమ్మ గుర్తొస్తుంది. సంతకం పెట్టింది కొడుకే. కానీ ఆ పిల్లను ఇక్కడ నిలబెట్టడం కోసం ఇల్లూ పంతమూ రెండూ వదిలి బస్సెక్కింది ఆమె. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ సంతోషంగా ఉంటుంది.

ఈ పట్టింపు మొదటి ఏడాదికే. మరుసటి ఆషాఢానికి ఎవరూ ఎక్కడికీ పోనక్కర్లేదు. అయినా ఓబులమ్మ ఆలూరికి ప్రయాణమైంది, ఈసారి కోడల్ని కూడా వెంటబెట్టుకుని. బయల్దేరే ముందు నాకు ఫోన్ చేసింది.

"సుజాతమ్మా, మేమిద్దరమూ మా పుట్టింటికి పోతాండాము. ఈ నెలలో పోలీసాయప్ప ఎవురన్నా వస్తాడేమో, రొంత ఆ కంప్యూటర్లో చూసి చెప్పు."