బావకు పూనిన దేవుడు

తమిళనాడులో సారాయి అంగళ్లు మూతపడిన రోజులవి. నేను తిరువళ్లూరు మద్యనిషేధ సభల్లో తాగుబోతుల బలహీనతను చీల్చి చెండాడేవాణ్ణి. మా అక్క భర్త దొంగసారా మరిగితే, ఆయన్ను మా ఇంట్లో పెట్టుకుని, ఒక్కసారిగా మాన్పించాను.

మూడోనాడు అక్క మొక్కుకుందామని మమ్మల్ని తిరుత్తణి కొండకు బయలుదేరదీసింది. మెట్ల మధ్యలో బావ గడగడ వణుకుతూ, "చీమలు, ఒళ్లంతా చీమలు" అని అరిచాడు. ఒంటిమీద ఒక్క చీమ లేదు. అంతే, సామి వచ్చాడని జనం మూగి కర్పూరం వెలిగించారు.

ఒకాయన బావ కాళ్లమీద పడి, "సామీ, నా బిడ్డ పెండ్లి ఎప్పుడవుతాది?" అన్నాడు.

"చీమలు" అన్నాడు బావ.

"చీమల మాదిరి జనం వస్తారంట. పెండ్లి గొప్పగా జరుగుతాదిలే అయ్యా" అని పక్కనున్నామె అర్థం చెప్పింది. అక్క కూడా చేతులు జోడించింది. ఇంతకన్నా సిగ్గుమాలిన అజ్ఞానం నేను చూడలేదు.

"దేవుడూ లేదు, దయ్యమూ లేదు. ఇది తాగేదానికి ఆడే నాటకం. లే బావా" అని చెయ్యి పట్టి లాగాను. ఆయన ఫిట్స్‌తో మెట్లమీద కూలిపోయాడు. నోట నురగ చూడగానే భక్తులు మాయమయ్యారు.

కొండ కింద డాక్టరు సూది వేసి, "ఇన్నేండ్లు తాగినోడికి ఒకేసారి నిలిపితే ఒళ్లంతా చీమలు పాకినట్టుంటాది, ప్రాణమే పోతాది. ఎవురు నిలిపింది?" అన్నాడు. నేను బావ నోటి నురగ తుడవసాగాను. "తాగినోణ్ణి పట్టను పోలీసులుండారు. మానినోణ్ణి చూసుకోను ఎవురుండారు?" అని గొణిగాడు.

బావ బతికాడు. ఆ గుంపు మీద, అంగళ్లు మూసి చేతులు దులుపుకున్న సర్కారు మీద నా ఏవగింపు ఇప్పటికీ తగ్గలేదు. కాని ఆ మూఢులు చీమలకు ఏదో ఒక అర్థం వెతికారు. నేను బావ మాటే వినలేదు.