ఆందోళన కాదు, దిగులు

మా చెల్లెలు పోయింది. పోయిన వారం పులివెందులలో, పొద్దున కాఫీ తాగుతూ ఉండగా గుండె ఆగింది. తన గుండె ఎప్పుడో ఆగిపోతుందని పెళ్లినాటి నుంచీ చెబుతూనే ఉండేది. ప్రొద్దుటూరులో నేను చూపించిన ప్రతి డాక్టరూ గుండె గట్టిగా ఉందనే అన్నాడు. నాతో వాదించి అది నెగ్గింది ఈ ఒక్కసారే.

మా పుట్టిల్లు జమ్మలమడుగు. మా అమ్మ దగ్గర పంచడానికి ఉన్నవి రెండే, దిగులూ నోరూ. దిగులు చెల్లెలికిచ్చి నోరు నాకిచ్చింది. వీధి తలుపు గడియ, వంటింట్లో గ్యాస్ రెగ్యులేటరు తాకి చూడనిదే చెల్లెలు గడప దాటేది కాదు. కట్టేసిన రెగ్యులేటరు మీద అరచెయ్యి ఆనించి, జ్వరం చూసినట్టు కాసేపు నిలబడేది. ఏం కారణమని గదమాయిస్తే, "కారణముంటే అది కష్టమైతాది గానీ, దిగులెట్లయితాదక్కా?" అనేది. నేను బస్సెక్కితే చేరేదాకా నా వాటా దిగులు కూడా అదే పడేది. నేను నిశ్చింతగా బతికింది దాని పుణ్యానే.

రెండేళ్ల కిందట యూనివర్సిటీ నుంచి ఒక అమ్మాయి వచ్చింది. మనసులోని భయాలు వంశంలో ఎట్లా దిగుతాయో పరిశోధన చేస్తోందట. అక్కచెల్లెళ్లిద్దరం చిన్న గొట్టాల్లో ఉమ్మి ఇవ్వాలంది. పరాయి పిల్లకు ఎంగిలి ఎట్లా ఇచ్చేదని చెల్లెలు కొంగు అడ్డం పెట్టుకుని ఉమ్మింది. తర్వాత ప్రశ్నలు. ఈ నెలలో ఎన్నిసార్లు ఆందోళన కలిగిందని ఆ పిల్ల పుస్తకాల తెలుగులో అడిగింది.

"ఆందోళనలు మేమెందుకు చేస్తామమ్మా? రోడ్డుకు అడ్డం కూర్చునేది పార్టీలోళ్లు గదా" అంది చెల్లెలు.

ఆ పిల్ల 'లేదు' అని రాసుకుంది. అది కొట్టేసి, దిగులని అడగమన్నాను. ఎప్పుడెప్పుడు ఉంటుందని అడిగింది.

"ఎప్పుడుండదో అడుగు మే, తొందరగా అయిపోతాది."

ముగ్గురం నవ్వాం. ఆ నవ్వులోనే చెల్లెలు గొంతు తగ్గించింది. "మా మనవరాలికి గూడా నేనిది ఇస్తాండానా?"

ఆ అమ్మాయి అబద్ధం చెప్పలేదు. పుట్టుకతో కొంత రావచ్చు, పెరిగే తీరును బట్టి కొంత రావచ్చు, ఏ బిడ్డకు వస్తుందో ఉమ్మి చూసి చెప్పలేమంది. పుట్టుకను చెల్లెలేం చేయగలదు? పెంపకాన్ని పట్టుకుంది. ఆనాటి నుంచి మనవరాలు చూస్తుండగా గడియ తాకలేదు, రెగ్యులేటరు తాకలేదు. పిల్ల బడికి పోయినాకే తాకేది. పిల్ల ఇంట్లో ఉన్నంతసేపూ చేతులు కొంగులో చుట్టుకుని కూర్చునేది. "దాచేది శానా కష్టంగా ఉందక్కా" అని ఫోన్లో నాకు చెప్పేది. నేను వినేదాన్ని. వినడం తప్ప నా చేతిలో ఏముంది?

మూడో దినం సమాధి మీద పాలు పోయడానికి అందరం బయలుదేరాం. మనవరాలు కనబడలేదు. వెతుక్కుంటూ వంటింట్లోకి పోయాను. తొమ్మిదేళ్ల పిల్ల, రెగ్యులేటరు మీద అరచెయ్యి ఆనించి, జ్వరం చూసినట్టు నిలబడి ఉంది. ఊరందరినీ కడిగిపారేసే నా నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నాను.

అది నన్ను చూసింది. గబుక్కున చెయ్యి తీసి, గౌను అంచులో చుట్టుకుంది.