కాలవ దాటిన బాయిలర్ మూత

మొన్న పొద్దున్న మా మండపేటలో టీ కొట్టాయన తన ఫోను నా ముక్కుకి ఆనించినంత దగ్గర పెట్టి, ఏదో దేశంలో సముద్రపొడ్డున ఆరు తాటిచెట్లు ఒకదాని మీద ఒకటి నిలబెట్టినంత పొడుగు రాకెట్టు లేవడం, లేచి మబ్బు దాటకుండానే నిప్పుల ముద్దయి పగలడం చూపించాడు. పగలడమంటే అలా ఇలా కాదు, ఉక్కు రేకులు చిత్తుకాగితాల్లా చిరిగి ఆకాశమంతా చిమ్మాయి, కింద ఇసక ఎగిరింది, ఆ శబ్దానికి ఫోను స్పీకరే బొంగురుపోయింది. అక్కడ గదిలో కూర్చున్న ఇంజనీర్లు మాత్రం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

"ఏవండీ సైంటిస్టు గారూ, కొంప కాలిపోతుంటే చప్పట్లేంటండీ?" అన్నాడు టీ కొట్టాయన.

నేను సైంటిస్టుని కాను. మోటార్లు వైండింగ్ చేసుకు బతికేవాణ్ణి. కాకపోతే పేపర్లో సైన్సు వార్త కనబడితే టీ చల్లారిపోయినా చదవడం, చదివినదానికి నాలుగు చేర్చి పదిమందికీ చెప్పడం చిన్నప్పట్నుంచీ ఉన్న జబ్బు. పొలాల మీద మందు కొట్టే డ్రోన్లంటే నాకు భక్తి, ఎందుకంటే వీపున డబ్బా మోసుకుని మందు కొడుతూ నురగలు కక్కి గట్టు మీద పడిపోయిన వాళ్ళని మన ఈడు వాళ్ళం అందరం చూశాం. డ్రైవరు లేని కార్లు మా ఊరి లారీల మధ్యకి వస్తే ఒక్క పూటలో దడుపు జ్వరం తెచ్చుకుంటాయని నా గట్టి అభిప్రాయం. ఇక అడిగినదానికల్లా జవాబు చెప్పే కంప్యూటర్లు, తెలియనిది కూడా తెలిసినట్టు ధీమాగా అల్లి చెబుతాయట. వాటి మీద నాకు కోపం లేదు గానీ, వృత్తిలో పోటీ వచ్చిందే అన్న దిగులు మాత్రం ఉంది.

అంచేత టీ కొట్టాయనకి నా అభిప్రాయం విప్పి చెప్పాను. ఆ రాకెట్టు ఒళ్ళంతా సెన్సర్లు ఉంటాయనీ, పగిలే ముందు ప్రతి మేకూ తాను ఎలా పోతోందో కబురు పంపి మరీ పోతుందనీ, వాళ్ళకి అది చావు కాదు పరీక్ష పేపరనీ చెప్పాను. అతను బుద్ధిగా విని, "ఆయ్, అయితే మీ బాయిలర్ మూత కంటే ఎత్తు వెళ్ళిందంటారా?" అన్నాడు. బల్లల మీదున్న వాళ్ళందరూ ఒక్కసారి నవ్వారు.

ఆ మూత కథ మా ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు. ముప్పై ఏళ్ళ పైమాటే, నేను పనిచేసిన ఉప్పుడు బియ్యం మిల్లులో బాయిలర్ పేలి దాని మూత ఎగిరిపోయింది. మొదటి ఏడాది నేను చెప్పినప్పుడు అది కాలవ దాటి అవతలి గట్టున పడింది. తరవాత కొన్నాళ్ళకి కాలవ దాటి ఒక తాటిచెట్టు మొవ్వు కోసుకుపోయింది. ఈమధ్య రావులపాలెం వంతెన మీదుగా వెళ్తుంటే బస్సులో జనం చేతులెత్తి దండాలు పెట్టుకునేదాకా వచ్చింది. ఆరోజూ అలవాటుగా గ్లాసు పక్కన పెట్టి, మూత లేచిన తీరు చూపించడానికి కుడిచెయ్యి గాల్లోకి ఎత్తాను. ఈలోగా ఆ ఫోనులో బొమ్మ మారి, చప్పట్లు కొట్టిన వాళ్ళలో ఒకాయన మైకు ముందుకి వచ్చాడు. ఫలానా వాల్వు దగ్గర లెక్క తప్పిందనీ, ఆ లెక్క వేసింది తానేననీ చెబుతున్నట్టు కింద అక్షరాలు నడిచాయి. తల దించుకోలేదు, ఎవరూ అతని మీద పడి కొట్టలేదు. ఎత్తిన నా చెయ్యి అలాగే ఉండిపోయింది.

ఇక్కడ మీకు మా మావయ్య సంగతి చెప్పాలి. మా అమ్మకి తమ్ముడు, ఆ మిల్లులో బాయిలర్ మనిషి. మా నాన్న పోయాక నన్ను పనిలో పెట్టింది ఆయనే, రోజూ తన్నిందీ ఆయనే. ఆ రోజుల్లో మిల్లులో మాట కంటే ముందు చెయ్యి లేచేది. బస్తాలెత్తే హమాలీలు వరస దగ్గర తేడా వస్తే చేతిలో ఉన్న ఇనప కొక్కెంతోనే తేల్చుకునేవారు. ఒకసారి ఒకడి భుజంలో దిగిన కొక్కేన్ని ఇద్దరు పట్టి లాగాల్సొచ్చింది, మర్నాడు వాడు రెండో భుజం మీద బస్తా మోస్తూ కనబడ్డాడు. మా మావయ్య ఆయుధం ఊక తోసే పార. పొయ్యిలో ఊక పల్చగా వేస్తే పారకర్ర వీపు మీద, దట్టంగా వేస్తే మోకాలి చిప్ప మీద పడేది. అత్త అదే మిల్లు కళ్ళంలో, ఆవిరి పట్టిన ధాన్యాన్ని ఆరబోసే ఆడవాళ్ళతో పనిచేసేది. నా వీపుకి కొబ్బరినూనె రాస్తూ ఆయన్ని తిట్టేది, సాయంత్రం ఇద్దరూ ఒకే సైకిలు మీద ఇంటికి పోయేవారు.

ఆ బాయిలర్ నెత్తిమీద ఒక ఇనప చెయ్యి, దాని చివర ఒక గుండు ఉండేవి. లోపల ఆవిరి మితిమీరితే ఆ చేతిని ఎత్తుకుని బుస్సున బయటికి పోయేది. పుస్తకాల్లో సేఫ్టీ వాల్వు అంటారు. మావయ్య దాన్ని బాయిలర్ నోరు అనేవాడు. "దాని నోరు నొక్కామంటే కడుపుతో మాట్లాడుద్దిరా" అనేవాడు.

అప్పటికి నాకు ఇరవయ్యొకటి. ఒక వారపత్రికలో సైన్సు పేజీ చదివి, ఒత్తిడి పెరిగితే ఆవిరి వేడి కూడా పెరుగుతుందని తెలుసుకున్నాను. ఇంట్లో అమ్మ కొత్తగా కొన్న కుక్కరు మీద చిన్న వెయిటు పెట్టగానే పప్పు ఎంత తొందరగా ఉడుకుతోందో చూశాను. రెండూ కలిపి ఆలోచిస్తే, ఆ ఇనప చేతికి ఇంకాస్త బరువు తగిలిస్తే ధాన్యం సగం సేపట్లో ఉడకాలి కదా అని తేలింది. మహా ఆవిష్కరణ చేసినవాడిలా వెళ్ళి మావయ్యకి చెప్పాను. ఆయన పారకర్ర అందుకుని చెవి మీద ఒక్కటిచ్చి, ఇంకోసారి పుస్తకం కనబడితే ఊకతో పాటు పొయ్యిలో తోసేస్తానన్నాడు. చెవి రెండు రోజులు గుయ్‌మంది. ఆ పోటుకో, ఉక్రోషానికో గానీ, మూడో రోజు మధ్యాహ్నం ఆయన కళ్ళం పాకలో అత్త దగ్గర అన్నానికి వెళ్ళగానే, కాటా పక్కన పడున్న ఐదు కిలోల రాయి తెచ్చి ఇనప చేతికి తాడుతో కట్టాను. ఆయన చెయ్యి కడుక్కునే చప్పుడు వినబడగానే విప్పేశాను.

పని చేసింది, అదే నా ఖర్మ. పొద్దు వాలేదాకా పట్టే ధాన్యం తొట్టి అరగంట ముందే ఉడికింది. తొమ్మిది రోజులు అలాగే చేశాను. మిల్లు యజమాని వచ్చి, పొయ్యి మండించడంలో నీ అంతవాడు లేడని అందరి ముందూ మావయ్య వీపు తట్టాడు. తన గొప్ప ఏమిటో అర్థం కాకపోయినా మావయ్య ఆ సాయంత్రం తాపేశ్వరం దాకా సైకిలు తొక్కి అత్తకి కాజాలు తెచ్చాడు. పాకం వేళ్ళకంటుకుని ఆవిడ నవ్వుతుంటే, ఆ నవ్వు నా సైన్సు తెచ్చిందేనని నాలో నేను మురిసిపోయాను.

పదో రోజు ఆయన అన్నం మధ్యలో లేచి వచ్చాడు. ఏదో వినబడి కాదు, వినబడాల్సింది వినబడక. ఆ వేళకి బుసలు కొట్టాల్సిన వాల్వు వరసగా పదో రోజు కూడా నిశ్శబ్దంగా ఉంది. ఎంగిలి చేత్తోనే గుమ్మంలోకి వచ్చి నన్ను చూశాడు, పైకి చూశాడు, రాయి చూశాడు. తిట్టలేదు. నా నడుం మీద తన్నాడు. జీవితంలో ఎన్ని తన్నులు తిన్నానో గానీ అలాంటిది ఇంకోటి లేదు. గుమ్మంలోంచి గాల్లో లేచి వెళ్ళి బయట ఊక గుట్టలో తలకిందులుగా కూరుకుపోయాను. నోటి నిండా ఊకతో తల తిప్పేసరికి, ఆయన పొయ్యి కెలికే పొడుగాటి ఇనప కడ్డీ ఎత్తి రాయిని కొడుతున్నాడు. రెండో దెబ్బకి రాయి పడింది. వాల్వు గొంతు కోస్తున్న పందిలా అరిచింది గానీ, లోపల పోగైన ఆవిరికి ఆ ఒక్క నోరు చాలలేదు. ఆయన కడ్డీ పారేసి గోడ వైపు దూకాడు.

ఆ తరవాత జరిగినదాన్ని శబ్దం అనలేను. గాలే ఒక దుడ్డుకర్రయి గుండెల మీద కొట్టినట్టయింది. ఇటుక గోడ బయటికి ఉబ్బి విరిగిపడింది, పైకప్పు రేకులు కత్తుల్లా గిరగిరా తిరిగి కాటా గది తలుపులో గుచ్చుకున్నాయి, తెల్లటి ఆవిరి కళ్ళం మీదికి ఒరిగింది. దానిలోంచి ఆడవాళ్ళ కేకలు వచ్చాయి.

ఇక మూత. మూత కాలవ దాటలేదండి. అసలు కాలవ దాకా కూడా పోలేదు. కళ్ళంలో, ఆయన వెనకాలే పాకలోంచి బయటికి వచ్చిన అత్తకి రెండడుగుల దూరంలో పడి, నేలలోకి జానెడు దిగబడింది. దాని వెనకాలే వచ్చిన సలసలా కాగే నీళ్ళు ఆవిడ కుడి భుజం నుంచి మణికట్టు దాకా చర్మాన్ని ఒలిచేశాయి. ఆ మూతని ఏటేటా ఇంకాస్త దూరం విసురుతూ వచ్చింది నవ్వించడానికేనని అందరూ అనుకుంటారు, నేనూ అలాగే అనుకునేవాణ్ణి. ఆవిడకి దూరంగా విసురుతున్నానని మొన్నే తెలిసింది.

మావయ్యని శిథిలాల్లోంచి లాగారు. ఒళ్ళంతా కాలింది, రెండు కర్ణభేరులూ పోయాయి. పెద్దాసుపత్రిలో ఆయన మంచం పక్కన నేను నిలబడుండగా ఒక ఆఫీసరు వచ్చి, ఆ బరువు కట్టింది ఎవరని కాగితం మీద రాసి ఆయన మొహం ముందు పెట్టాడు. నేను నోరు తెరిచాను. దుప్పటి కింద నుంచి ఆయన కాలు వచ్చి నా మోకాలి మీద తన్నింది. కట్లు కట్టిన కాలు, తన్నినవాడికే ఎక్కువ నొప్పి. చెవుడు కొత్త కాబట్టి ఎంత గట్టిగా అంటున్నాడో తెలియక, "నేనే కట్టాను" అని వార్డు దద్దరిల్లేలా అరిచాడు. గోడ అవతల ఆడవాళ్ళ వార్డు. అక్కడ అత్త ఉంది.

నేను తెరిచిన నోరు మూసుకున్నాను. తన్ను వల్ల మూసుకున్నానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. కాదు, భయం వల్ల.

ఆయన బాయిలర్ సర్టిఫికెట్ లాక్కున్నారు. మళ్ళీ ఏ మిల్లూ గుమ్మం ఎక్కనివ్వలేదు. కొబ్బరికాయలు వలుచుకుంటూ బతికాడు. యజమాని మెప్పు కోసం కట్టుకున్నదాన్ని ఉడకబెట్టినవాడని కళ్ళంలో ఆడవాళ్ళు ఎదురైతే ఉమ్మేవారు. అత్త ఉమ్మలేదు, ఇల్లు విడిచి పోలేదు, ఒక్క మాట అనలేదు. ఆస్పత్రి నుంచి వచ్చిన రోజు మొదలు ఆయనకి ఎడంచేత్తో వడ్డించింది. మన ఇళ్ళల్లో ఎడంచేత్తో అన్నం పెట్టడమంటే ఏమిటో మీకు నేను చెప్పక్కర్లేదు. కుడిచెయ్యి లేవదేమో అనుకునేవారు చూసినవాళ్ళు. నాకు మాత్రం, ఆదివారం ఆదివారం వెళ్ళి పక్కన కూర్చుంటే, ముడతలు పడిన ఆ కుడిచేత్తోనే కొసరి కొసరి వడ్డించేది. నేను తిన్నాను. ముప్పై ఏళ్ళు తిన్నాను. తిన్నాక అరుగు మీద చేరి పక్కింటివాళ్ళకి మూత కథ చెప్పేవాణ్ణి. మావయ్యకి వినబడదు, నా చేతులు చూసేవాడు. మూత ఎంత ఎత్తు లేస్తే అంతలా నవ్వి, కొడతానన్నట్టు చెయ్యెత్తేవాడు.

మొన్న టీ కొట్లోంచి నేరుగా వాళ్ళింటికి వెళ్ళాను. మావయ్య కంచం ముందు కూర్చున్నాడు, అత్త ఎడంచేతిలో గరిటె పట్టుకునుంది. గుమ్మంలోనే నిలబడి చెప్పాను. వారపత్రిక, కుక్కరు, కాటా రాయి, తొమ్మిది రోజులు, ఏదీ పెంచకుండా చెప్పాను. మావయ్య అలవాటుగా నా చేతుల వైపు చూశాడు. అవి కదలడం లేదు. కాసేపు చూసి, మొహం మారి, పక్కనున్న చేతికర్ర అందుకుని నా పిక్కల మీద ఫెడేల్మని కొట్టాడు. డెబ్బై దాటిన మనిషికి అంత సత్తువ ఎక్కడిదో. రెండో దెబ్బ మోకాలి చిప్ప మీద పడింది.

"చెప్పేశావేంట్రా ఎదవా!" వీధంతా వినబడింది.

అత్త ఆయన వైపు తిరిగింది. తరవాత గరిటె కుడిచేతిలోకి మార్చుకుంది. ఆ మార్చడంలో కూర సగం నేల మీద పడింది, మిగిలిన సగం ఆయన కంచంలో పెట్టింది. "కూర్చోరా" అని నాకూ కంచం వేసింది. గరిటె మళ్ళీ ఎడంచేతిలోకి మార్చి నాకు వడ్డించింది.

ఇప్పుడు మా ఊరి మిల్లుల్లో బాయిలర్‌కి గాజు తలుపు గది. ఆవిరి ఒక గీటు దాటితే మంట తనంతట తనే ఆరిపోతుంది, యజమాని ఎక్కడున్నా ఫోను మోగుతుంది, నాలాంటివాడి చెయ్యి అందేచోట ఏదీ ఉండదు. మంచిదే, నిజంగా మంచిదే, ఆ రోజు ఆ తలుపొకటి ఉంటే చాలునని ఎన్నిసార్లు అనుకున్నానో. కాకపోతే ఒక చప్పుడు వినబడకపోవడాన్ని విని అన్నం మధ్యలో లేచి పరిగెత్తే మనుషులు మాత్రం ఇప్పుడు ఏ మిల్లులోనూ లేరు, అవసరమూ లేదు.

టీ కొట్లో అడిగితే మూత కళ్ళంలోనే పడిందని చెబుతున్నాను. ఎవరూ నమ్మడం లేదు, సైంటిస్టు గారికి ఒంట్లో బాగాలేదనుకుంటున్నారు. ఆదివారాలు వెళ్తూనే ఉన్నాను. మావయ్యకి కుడిచేత్తో, నాకు ఎడంచేత్తో, ఇద్దరికీ అదే గిన్నెలోంచి. ఆయన తింటూ తింటూ నా వంక చూసి కర్ర దగ్గరికి జరుపుకుంటాడు.