గీత బయట మా ఆయన

మా ఆయన ఫుట్‌బాల్ ఆడినన్నాళ్లూ ఉత్త కాళ్లతోనే ఆడాడు. ఆ కాళ్లను చూసే ఉక్కు కార్ఖానాలో ఉద్యోగం ఇచ్చారని మా కాసిడీహ్ వీధిలో అనేవారు. పెళ్లయి శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి టాటానగర్ స్టేషన్‌లో దిగిన నాకు, ఆ ఊళ్లో గుర్తున్నవన్నీ సాయంత్రాలే. కార్ఖానా వాళ్లు ఇనుము కరిగించగా మిగిలిన కాలే స్లాగ్ పారబోసినప్పుడు ఆకాశమంతా ఎర్రబడేది. ఆ వెలుగులో ఆయన పరుగెడుతుంటే కాళ్లు నేలకి ఆనుతున్నాయో లేదో తెలిసేది కాదు. నిజంగా అలా పరుగెత్తాడా, నేనే కలగన్నానా అని ఇప్పటికీ అనుమానం.

ఒక వానాకాలం మోకాలు తిరిగిపోయింది. డాక్టరు ఇక ఆడొద్దన్నాడు. కార్ఖానాలో ఆయన డిపార్టుమెంటు వాళ్లు తమ జట్టుకి కోచ్‌గా ఉండమన్నారు. సరేనన్నాడు గానీ ఆటగాళ్లలోంచి తన పేరు తీయనివ్వలేదు, మొండిఘటం. ఒక్కసారైనా మళ్లీ దిగాలని ఆశ.

సరిగ్గా అప్పుడే, బూట్లు లేనిదే మైదానంలోకి రానివ్వమని కొత్త నియమం పెట్టారు. ఈత రానివాడు ఈత నేర్పినట్టయింది ఆయన పని. తోలు మెత్తబడాలని జట్టంతటి చేతా బూట్లు బకెట్లో నానబెట్టించి, తడివే తొడిగించి, ఆరేదాకా విప్పనివ్వలేదు. తానూ తొడుక్కుని మా వరండాలో టకటకమంటూ తిరిగేవాడు.

"ఏటి మావా, కొత్త పెళ్లికొడుకులాగ ఆ నడక?" అంటే ఉడుక్కునేవాడు.

ఫైనల్ రోజు జోరువాన. సగం ఆట అయ్యేసరికి మా జట్టులో ఎడమ వైపు ఆడే కుర్రాడి బూటు అడుగు ఊడిపోయింది. "దాదా, నా బదులు మీరే దిగండి," అని హిందీలో మా ఆయన్ని బతిమాలాడు. ఆడవాళ్ల వైపు కూర్చున్న నేను దణ్ణం పెట్టుకున్నాను. దిగొద్దు దేవుడా అనుకున్నాను. దిగితే బాగుణ్ణనీ అనుకున్నాను. ఆయన చాలాసేపు మైదానం వైపు చూశాడు. తర్వాత గడ్డిలో కూలబడి, తన బూట్లు విప్పి అతనికిచ్చాడు.

గెలిచారంటారు. నేను చూడలేదు. బంతి ఎడమ వైపు వచ్చినప్పుడల్లా, గీత బయట వానలో నిలబడ్డ ఆయన కాలు తనంతట తానే లేచేది. దాన్నే చూస్తూ ఏడ్చాను.

ఇంటికొస్తుంటే అడిగాడు, "నాను దిగుంటే గోలు కొట్టీవోడ్నేటే?"

"ఒకటేటి మావా, మూడు కొట్టీవోడివి."

"అది చాల్లే," అన్నాడు. ఆ తర్వాత మళ్లీ ఎప్పుడూ ఆడతానని అనలేదు.