కరెంటొచ్చిందో!

“ఆ డబ్బ పీకెయ్ అంటున్న. బాయి ఎండుతున్నది నీకు కానొస్తలేదా?”

“పీకేస్తే నువ్వొచ్చి మోటరు పెడ్తవా అవ్వా? మోకాళ్లు లేవకపాయె, మాటలేమో ఉరుకుతయి!”

“పెడ్త. నీ లెక్క మంచంల పండి నీళ్లు పారియ్య.”

“రేపు మల్ల కరెంటు పోతే? పంట ఎండి నేనేడిస్తే నువ్వు బుదగరిస్తవా నన్ను?”

మొన్న నాకూ నా కొడుక్కూ అయిన లొల్లి ఇది. డబ్బ అంటే ఆటో స్టార్టరు, కరెంటు రాంగనే మోటరును దానంతటదే నడిపేది. దేవరుప్పుల పక్కన మా పొలం వరి పొట్టకొచ్చింది, బాయిల నీళ్లు అడుక్కు పోయినయి, మోటరేమో మడి నిండి గట్టు పొర్లినా ఆగుతలేదు. చెంబెడు నీళ్లు ఊకె పారబోస్తేనే నా పాణం ఒప్పదు.

కానీ ఆ డబ్బ తెచ్చింది పోయిన నా పెనిమిటి. మా ఈడోళ్లకు యాదుంటది, అప్పట్ల కరెంటు ఎప్పుడొస్తదో ఎవలికీ తెల్వకపోయేది, తింటున్న పళ్లెం ఇడిచి బాయికాడికి ఉరికేటోళ్లం, ముందుగాల బల్బు వెలిగింది చూసినోళ్లు “కరెంటొచ్చిందో” అని కేకేస్తే ఆ కేక బాయి నుంచి బాయికి పొయ్యేది. చీకట్ల పాములు తిరిగే గట్ల మీద పోయిన మొగోళ్లు వాపసొచ్చేదాక ఆడోళ్లకు కన్ను మూతపడేది కాదు. అందుకే ఆయన జనగామ పోయి డబ్బ కొనుక్కొస్తే, ప్రతి ఖర్చుకూ మూతి ముడిచే నేను ఆ దినం ఒక్క మాట అనలేదు. డబ్బ వచ్చినంక అందరం నిమ్మళంగ పండినం, కేకలు మాత్రం బందయినయి.

ఇప్పుడు కరెంటు పొద్దంత ఉంటున్నది. లొల్లికి ముందు దినమే కరెంటాఫీసు లైన్‌మెన్, వ్యవసాయ శాఖ ఆఫీసరు పిల్ల, భూగర్భజలాల శాఖాయన ఒక్క జీపుల వచ్చిన్రు. మా కాలంల ఒక శాఖ చెప్పింది ఇంకో శాఖకు తెల్వకపోయేది, వీళ్లు ముగ్గురు మా బాయి ఒడ్డునే కూసొని మజ్జిగ తాగుకుంట మాట్లాడిన్రు. మా బాయికీ పక్కనున్న మా బావ కొడుకు బాయికీ ఊట ఒక్కటేనట, రెండు మోటర్లు ఒక్కపారే గుంజితే ఇద్దరివీ ఎండుతయట. మడి తడిగ ఉంటే చాలు, పొర్లనియ్యొద్దన్నది ఆ పిల్ల. వంతులు పెట్టుకోన్రి, కరెంటు పోతే నాకు ఫోను చేయిన్రి అన్నడు లైన్‌మెన్. నా కొడుకు వాళ్ల ముందల తలకాయ ఊపి, జీపు పోంగనే డబ్బను అట్లనే ఉంచిండు. వాళ్ల నాయిన పడ్డ కష్టం చూసినోడు, కరెంటును నమ్ముడంటే వానికి భయమే.

లొల్లి అయిన తెల్లారి లేస్తే వాడు ఇంట్ల లేడు. నేను కట్టె పట్టుకొని మెల్లగ బాయికాడికి పోయేసరికి డబ్బ ఇప్పి గట్టు మీద పెట్టిండు. మడి తడవంగనే మోటరు ఆపి, నోటికాడ చేతులు పెట్టుకొని పక్క బాయి దిక్కు కేకేసిండు.

“అన్నా, నేను బంద్ చేసిన! నువ్వు పెట్టుకోవో!”

జర సేపటికి అవతల మోటరు మొదలైంది. డబ్బను నేను కొంగుల చుట్టుకొని ఇంటికి తెచ్చిన.