తోలిబ్‌జాన్ మరిచిన పెళ్లి

మర్గిలాన్‌లో ఊయలలు చేసే తోలిబ్‌జాన్ ఆ చలికాలం పొద్దున ఇంటికి పరుగున వచ్చాడు. చిన్న వ్యాపారులకు సలహాలిచ్చే ఆఫీసులో కంప్యూటర్‌లో లెక్క చూపించారు: ఈసారి పత్తి ఏరడం అయ్యాక జిల్లాలో జరిగిన పెళ్లిళ్లు నిరుటికి రెట్టింపు!

"హోసియత్! వచ్చే ఏడు ఎక్కడ చూసినా పసిపిల్లలే! ఉన్న కలపంతా కోసేస్తున్నా!"

"పుట్టని పిల్లలకి ఊయలలా? మతి పోయిందా నీకు?" అంది భార్య.

అతను వింటేగా! వసంతానికి కొట్టంతా ఎర్రటి ఊయలలే. ఒక్కటీ అమ్ముడుపోలేదు. "కాళ్లు ముడుచుకుని నువ్వే పడుకో వాటిలో," అని హోసియత్ రోజూ దెప్పేది. "ఆగవే, నెలలు నిండనీ!" అని అతను రంకె వేసేవాడు.

ఒకరోజు ఆమె ఫోను పట్టుకుని రొప్పుతూ కొట్లోకి వచ్చింది.

"అన్నిటికన్నా మంచిది తీసి దాచు. ఎవరికీ అమ్మకు!"

"ఎవరికే?"

"ఎవరికేమిటయ్యా! మన నఫోసత్‌కి మూడో నెలట. ఊయల పంపాల్సింది పుట్టింటివాళ్లం మనమేగా!"

జిల్లాలోని పెళ్లిళ్లన్నీ లెక్కేసుకున్నవాడికి, అందులో తన కూతురిది కూడా ఉందని తట్టనే లేదు. పట్టరాని సంతోషంతో దగ్గరున్న ఊయల పట్టుకుని ఊపేశాడు.

హోసియత్ అతని చేతిమీద ఒక్కటిచ్చింది.

"ఖాళీ ఊయల ఊపకూడదు, తాతా!"