సీటు కింద అదనపు పట్టీ

వట్లూరులోని ఇంజనీరింగ్ కాలేజీ వర్క్‌షాపులో సోమసుందరానికి ముప్పై మూడేళ్ల సర్వీసు నిండింది. నెలాఖరుకు రిటైర్మెంటు. అక్కడ ఆకురాయి పట్టిన ప్రతి విద్యార్థికీ ఆయన చెప్పిన మాట ఒక్కటే, మనిషి కూర్చునే చోటు గట్టిగా ఉండాలని. ఆ మాట ఆయన సొంతం కాదు, కొల్లేటి పడవలు కట్టిన తండ్రిది. ఆ పెద్దాయన పడవలో కూర్చునే పీట కింద ఎవరూ అడగని అడ్డకర్ర ఒకటి ఎక్కువ వేసేవాడు. ఆ రంపపు పొట్టు వాసన తలుచుకుంటే సోమసుందరానికి ఇప్పటికీ ప్రాణం లేచొస్తుంది.

ఆఖరి పనిగా చిన్న విమానం క్యాబిన్ చట్రం చేశాడు. ఒకప్పుడు తన దగ్గరే పని నేర్చుకుని, ఇప్పుడు అక్కడే లెక్చరరైన ఇందుజ మూడేళ్లుగా ఆ చట్రం మోడల్‌ని కంప్యూటర్‌లో కూల్చి చూస్తోంది. విమానం నేలకు కొట్టుకుంటే సీటు కింది ఫ్లోరు నలిగి దెబ్బను మింగాలి, అది మనిషి నడుముకు చేరకూడదు. ఇదీ ఆమె లెక్క. నిజం తేల్చడానికి ఆకివీడు నుంచి క్రేన్ వచ్చింది. సీట్లో బొమ్మ మనిషిని బెల్టుతో కట్టి, చట్రాన్ని నాలుగు మీటర్ల ఎత్తునుంచి వదిలారు.

ఫ్లోరు నలగలేదు. బొమ్మ నడుములోని సెన్సార్ లెక్కకు రెట్టింపు దెబ్బ చూపించింది.

"నా మోడలే తప్పు మాస్టారూ. మూడేళ్లూ వృథా అయిపోయాయండీ. రిపోర్టులో అదే రాసేస్తాను," అంది ఇందుజ.

సోమసుందరం వంగి సీటు కిందికి చూశాడు. డ్రాయింగులో లేని పట్టీ ఒకటి సీటు కింద ఆయనే చడీచప్పుడు లేకుండా రివెట్ చేశాడు. నోరు మూసుకుంటే దండ వేయించుకుని మర్యాదగా వెళ్లిపోవచ్చు. కానీ ఫస్టియర్లో కొలత తప్పిన ముక్కను దాచబోయిన ఈ పిల్లనే, తప్పు చేస్తే చెప్పాలమ్మా అని మందలించింది తనే కదా!

"తప్పు మీది కాదమ్మా, నాది. సీటు కింద ఓ పట్టీ ఎక్కువేశాను."

ఇందుజ పట్టీ కొలతలు తీసుకుని కంప్యూటర్‌లో వేసింది. మధ్యాహ్నానికి లెక్క గీతా, సెన్సార్ గీతా ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఆమె కళ్లు తుడుచుకుంటూ నవ్వేసింది.

"చూశారా, మీ పట్టీని కూడా పట్టేసిందండీ!"

అంటే నడుం విరిచింది ఆ గట్టిదనమే. సోమసుందరానికి ఏడుపొచ్చింది.

"అయితే మా నాన్న చెప్పింది తప్పా అమ్మా?"

"పడవ ఆకాశంలోంచి పడదు కదండీ మాస్టారూ."

రెండో చట్రమూ ఆయనే చేశాడు. సీటు దగ్గరికొచ్చేసరికి చెయ్యి అలవాటుగా మరో పట్టీ అందుకుంది. కాసేపు దాన్ని చూసుకుని జేబులో వేసుకున్నాడు. వారం తర్వాత క్రేన్ వదిలినప్పుడు ఫ్లోరు అప్పడంలా నలిగింది, బొమ్మ నడుం నిలిచింది. అందరూ చప్పట్లు కొడుతుంటే సోమసుందరం జేబులోని పట్టీని తడుముకున్నాడు.

"బతికాడు నాన్నా," అన్నాడు.